గనిలో దిగిన రెండు ఓట్లు

మొన్న మున్సిపల్ ఎన్నికల ముందు ఒక యువ విలేకరి ఫోన్ చేశాడు. బొగ్గు ఊరిలో రద్దయిపోయిన వార్డుల మీద చిన్న కథనం రాస్తున్నాడట. "సార్, మీరు కవర్ చేసిన క్వార్టర్ల వార్డు ఉండె గద. ఆఖరి ఎన్నికల ఒక్క ఓటు మెజారిటీ అని రికార్డుల ఉన్నది. ఏమన్న యాదికున్నదా సార్?" అని అడిగాడు. ఉందన్నాను. "రెండు లైన్లు చాలు సార్" అన్నాడు. రెండు లైన్లే చెప్పాను. ఆ రెండు లైన్లలో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. విలేకరులుగా ఇప్పుడిప్పుడే బస్సెక్కుతున్నవాళ్లు చదివితే సంతోషం.

కరీంనగర్ బ్యూరో నుంచి నన్ను ఆ ఊరికి వేసినప్పుడు, అక్కడికి పోవడమంటే శిక్ష అనుకునేవాళ్లు మావాళ్లు. పొద్దున ఉతికిన చొక్కా మధ్యాహ్నానికి బూడిద రంగుకు వచ్చేది. ఫ్యాక్సు లేని రోజులు. వార్తలన్నీ కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే, కరీంనగర్ బస్టాండులో మా అటెండరు అందుకునేవాడు. డ్రైవరు మరిచిపోతే ఆ రోజు మా ఊరిలో ఏమీ జరగనట్టే లెక్క.

నేను చెప్పే వార్డు గని గేటుకు ఎదురుగా ఉండేది. కంపెనీ కట్టించిన క్వార్టర్లు వరసలు వరసలుగా, వాటి వెనక కంపెనీతో సంబంధం లేనివాళ్ల గుడిసెలు. కూలీలు, కూరగాయలమ్మేవాళ్లు, గనిలో మనిషి పోయాక క్వార్టర్ ఖాళీ చేసి వెనక్కి జరిగిన కుటుంబాలు ఆ గుడిసెల్లో ఉండేవి. మంథని దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఒక వరస, ఆదిలాబాద్ అడవుల దిక్కు నుంచి వచ్చినవాళ్లు ఒక వరస, మధ్యలో హిందీ మాట్లాడేవాళ్లు. నల్లా దగ్గర ఒకామె తెలుగులో తిడితే ఇంకొకామె మరాఠీలో బదులిచ్చేది. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయ్యాక జరిగిన మొదటి ఎన్నికలు నేను చూడలేదు. విన్నాను. పోలింగ్ రోజున గనికి సెలవిచ్చారు. అయితే మనుషులకు సెలవు గానీ నీటికి సెలవు ఉండదు. గని లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పంపులు ఆడుతూనే ఉండాలి. అందుకని కొద్దిమంది దిగక తప్పదు. మిగతావాళ్లను వదిలిపెట్టాలని ఆ కొద్దిమందే రెండు షిఫ్టులూ కలిపి చేసేవారు. పొద్దున దిగితే పోలింగ్ ముగిశాకే పైకి. వాళ్ల ఓటు పోయినట్టే. ఆ మొదటిసారి ఎవరో ఇన్‌చార్జి, ఒక యూనియన్ మనుషులనే ఏరి ఏరి ఆ డ్యూటీకి వేశాడు. వాళ్ల అభ్యర్థి ఓడిపోయాడు. మరునాడు గని దగ్గర హాజరు వేసే మస్టర్ గదిలో కుర్చీలు లేచాయి. తలలు పగిలాయి.

ఆ తర్వాత ఎన్నికల నుంచి కార్మికులే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పోలింగ్ రోజు దిగేవాళ్లు జోడీలుగా దిగాలి. ఇటువాడొకడు, అటువాడొకడు. నీ ఓటు పోతే నా ఓటు కూడా పోతుంది, లెక్క సమానం. రాత లేదు, కోత లేదు. మస్టర్ గదిలో ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకుని టోపీ లైట్లు తీసుకుని దిగిపోయేవాళ్లు. ఎవరెవరు జోడీ అన్నది వార్డంతటికీ తెలుసు. రాష్ట్రంలో చాలా ఎన్నికలు చూశాను. ఇలాంటిది ఇంకెక్కడా చూడలేదు.

ఆ వార్డును ఒక ఇల్లే చాలాకాలం ఏలింది. జైనూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక యూనియన్ నాయకుడు మొదట గెలిచాడు. వార్డు మహిళలకు రిజర్వ్ అయినప్పుడు ఆయన భార్యను నిలబెట్టాడు. ఆమె గెలిచింది, ఆయన కౌన్సిల్ మీటింగుకు పోయాడు. ఒకసారి మీటింగులో చైర్మన్, "మీ మేడమ్ ఏరి?" అని అడిగితే, "ఇంట్ల రొట్టెలు చేస్తున్నది, నేను చెయ్యలేను గద" అన్నాడు. సభంతా నవ్వింది. తరువాతిసారి మళ్లీ ఆయనే గెలిచాడు. చెడ్డవాడు కాడు. సావుకూ పెళ్లికీ వచ్చేవాడు. కాకపోతే గుడిసెల మాట ఎత్తితే మాత్రం, "అది కంపెనీ జాగ, మనం జర ఓపిక పట్టాలె" అనేవాడు. ఆ ఓపిక చాలా ఏళ్లు పట్టారు వాళ్లు.

చివరి ఎన్నికల నాటికి నేలను పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని రాబోతోందని, క్వార్టర్లన్నీ ఖాళీ చేయిస్తారని మాట పుట్టింది. క్వార్టర్లవాళ్లకు కంపెనీ వేరే చోట ఇల్లిస్తుంది. గుడిసెలవాళ్లకు ఎవరిస్తారు? ఆ ప్రశ్నతో ఒకామె నిలబడింది. కుట్టుమిషన్ మీద జాకెట్లు, స్కూలు నిక్కర్లు కుట్టేది. అందరూ మిషనామె అనేవారు. ఆమెకు క్వార్టర్ ఉంది, భర్త పంపు ఆపరేటర్. కానీ ఆమె చెల్లెలు గుడిసెల్లో ఉండేది. చెల్లెలి భర్త గనిలోనే పోయాడు. "కౌన్సిలర్ సంతకం లేంది మున్సిపాలిటీల ఒక్క కాయితం సుత కదులతలేదు. అందుకే నిలబడ్డ. నాకేం కుర్చీ పిచ్చి లేదు" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఆమె భర్తకు ఒక స్నేహితుడున్నాడు. గనిలో పంపుల ఫిట్టర్. పాత కౌన్సిలర్‌కు సొంత తమ్ముడు. ఒకే పంపు దగ్గర ఏళ్లుగా కలిసి పనిచేసినవాళ్లు. ఒకసారి పైకప్పు నుంచి పెళ్ల ఊడి పడితే ఫిట్టర్ ఇతన్ని కాళ్లు పట్టుకుని ఇవతలికి గుంజాడని చెప్పుకునేవారు. ఫిట్టర్ మిషనామెను వైనీ అని పిలిచేవాడు. మరాఠీలో వదిన అని. ఆమె అతన్ని మరిది అనేది. ఇంటి బయట జెండాలు వేరు, ఇంట్లో అన్నం ఒకటే.

పోలింగ్ రోజున ఈ ఇద్దరూ జోడీగా దిగారు. అభ్యర్థి భర్త, అభ్యర్థి తమ్ముడు. అంతకంటే సరిసమానమైన జోడీ ఎక్కడ దొరుకుతుందని మస్టర్ గదిలో అందరూ మెచ్చుకున్నారట. మిషనామె కూడా కాదనలేదు. "దిగని, ఇంట్ల కూసోని బీడీలు కాలుసుడు తప్ప చేసేదేమున్నది" అందట.

నేను ఆ రోజు గని గేటుకూ పోలింగ్ కేంద్రానికీ మధ్యనున్న టీ హోటల్లో కూర్చున్నాను. కంపెనీ క్లబ్బు హాలులో పోలింగ్. ఇటు గేటు, అటు క్లబ్బు, మధ్యలో రోడ్డు మాత్రమే. విలేకరికి అంతకన్న మంచి చోటు ఉండదు. పేపర్ బ్యాలెట్ల కాలం. క్యూ నెమ్మదిగా కదిలింది. మిషనామె వంద గజాల గీత అవతల నిలబడి వచ్చేవాళ్లకు చేతులు జోడిస్తోంది. పాత కౌన్సిలర్ కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లనల్లా పేరు పెట్టి పలకరిస్తున్నాడు.

మధ్యాహ్నం దాటాక గేటులోంచి పంపు ఆపరేటర్ బయటికి వచ్చాడు. తల నుంచి కాలి దాకా బొగ్గు. కళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు. నేను లేచి నిలబడ్డాను. హోటల్లో అందరూ లేచారు.

"ఏమైందే? గట్ల ఒచ్చినవేంది?" అని ఎవరో అడిగారు.

"పంపు వాల్వు పలిగింది. కొత్తది కావాలె. స్టోర్ బంద్ పెట్టి స్టోర్ కీపర్ ఓటెయ్య పోయిండంట. ఒచ్చేదాక ఆగాలె" అన్నాడు.

"ఫిట్టరేడి?"

"కింద ఉన్నడు. చిన్న పంపుతోని నీళ్లు ఆపుతుండు."

స్టోర్ కీపర్ ఓటు వేరే వార్డులో, ఊరి అవతలి కొసన ఉంది. అతను రావడానికి ఎంత లేదన్నా గంట పడుతుంది. పంపు ఆపరేటర్ మా హోటల్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా క్లబ్బు హాలు. క్యూలో పదిమంది కూడా లేరు.

అప్పుడు మొదలైంది. మిషనామె తరఫున తిరిగే పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. "కాకా, లేవే. చెయ్యి గిట్ల తుడుసుకొని లోపటికి పోయి రా. ఐదు నిమిషాల పని." అతను తల అడ్డంగా ఊపాడు. "పోటీ గట్టిగుంది కాకా, ఒక్కొక్క ఓటు ముఖ్యం." మళ్లీ తల ఊపాడు. అవతలి నుంచి పాత కౌన్సిలర్ మనుషులు కూడా వచ్చారు. వాళ్లలో ఒకడు నవ్వుతూ, "ఏసుకో కాకా, మేమేమనం. కని మా వోన్ని సుత పైకి తోలు" అన్నాడు. "వాడొస్తె గని మునుగుతది" అన్నాడు పంపు ఆపరేటర్. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

కొంతసేపటికి మిషనామే రోడ్డు దాటి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. నేను జరగలేదు, అది నా ఉద్యోగం.

"పైకొచ్చినవు గద," అంది.

"ఒచ్చిన."

"లోపటికి పోయి రారాదు?"

"వాడు కింద ఉన్నడు."

ఆమె అతని ముఖం వైపు చూసింది. "నేను పైన ఉన్న" అంది.

అతను తల వంచుకుని బూట్ల మీది బురద చూసుకున్నాడు. ఆమె రోడ్డు దాటి వెళ్లి మళ్లీ తన చోట నిలబడింది. వచ్చేవాళ్లకు చేతులు జోడించడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా ఆ రోడ్డు. ఇటు అతను కదలలేదు, అటు ఆమె మళ్లీ తిరిగి చూడలేదు. స్టోర్ కీపర్ స్కూటర్ మీద వచ్చాడు. పంపు ఆపరేటర్ వాల్వు భుజాన వేసుకుని గేటులోకి పోయాడు. క్లబ్బు హాలు తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి.

లెక్కింపు జూనియర్ కాలేజీలో జరిగింది. మిషనామె ఒక్క ఓటుతో ఓడిపోయింది.

మళ్లీ లెక్కించమని అడిగింది. మళ్లీ లెక్కించారు. చెల్లని ఓట్లన్నీ ఒక్కొక్కటిగా పైకెత్తి చూపించారు. అదే ఒక్క ఓటు. హాల్లో అందరి చూపూ గోడ వారగా నిలబడ్డ పంపు ఆపరేటర్ మీదికి పోయింది. అతను ఒక్క ఓటు వేసి ఉంటే సమానమయ్యేది, చీటీ తీసేవారు. అది అక్కడున్న ప్రతివాడి ముఖం మీదా రాసి ఉంది. పాత కౌన్సిలర్ మెడలో దండ వేస్తే తీసి చేతిలో పట్టుకున్నాడు. ఊరేగింపు వద్దన్నాడు.

నేను రాయడానికి కూర్చున్నప్పుడు కట్టుబాటు సంగతి అంతా రాశాను. మొదటి ఎన్నికల గొడవ, మస్టర్ గదిలో చేతిలో చెయ్యి, పలిగిన వాల్వు, బెంచీ. అప్పటికి ఫ్యాక్సు వచ్చింది. అర పేజీ పంపాను. మా బ్యూరో ఇన్‌చార్జి మంచి మనిషి, గొప్ప ఎడిటరు. ఎంతమందికో రాత నేర్పినవాడు. ఆ పూట జిల్లా మొత్తం ఫలితాలు మీద పడి ఆయనకు ఊపిరి ఆడటం లేదు. ఫోన్‌లో, "జోడీ గీడీ ఎవడు నమ్ముతడయ్యా. జాగ లేదు. గట్టి పాయింటు ఒక్కటే, మొగుడు ఓటెయ్యలే" అన్నాడు. మరునాడు పేపర్లో బాక్సు కట్టి వచ్చింది. భర్త ఓటేయలేదు, భార్య ఓడిపోయింది. కింద చిన్న కార్టూను, దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న మగవాడు.

జిల్లా అంతా నవ్వుకుంది. మెట్‌పల్లి నుంచి మా బంధువు ఒకాయన ఫోన్ చేసి మరీ నవ్వాడు.

మిషనామె ఇంటికి వెళ్లాను. ఆమె కుడుతోంది. పేపరు మిషన్ మీదే ఉంది, దాని మీద దారపు ఉండలు పెట్టుకుంది. పంపు ఆపరేటర్ డ్యూటీకి పోయాడు. ఆమె కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు.

"ఆయన ఓటెయ్యలేదని రాసిన్రు. ఎందుకెయ్యలేదో రాయలే" అంది.

రాశానని, తీసేశారని చెప్పాను.

"గట్లనా" అంది. కొంతసేపు మిషన్ తొక్కింది. తర్వాత ఆపి, "అన్నా, లెక్క నాకు తెల్వదా? ఇద్దరు ఏసినా నేను ఒక్క ఓటుతోనే ఓడుదు. ఇద్దరు ఏయకున్నా ఒక్క ఓటే. ఆయన నన్ను ఓడగొట్టలే. ఇంకెవలో ఒక్కలు ఓడగొట్టిన్రు" అంది.

"మరి ఆయనతో మాట్లాడుతున్నావా?"

"లేదు" అంది. "లెక్కతోని కడుపు మంట సల్లారుతదా అన్నా? నిద్రపోతున్నట్టు బొమ్మేసిన్రు. ఆయన నిద్రపోయినా నాకింత మంట ఉండకపోవు. కండ్లు తెరిసి కూసున్నడు."

ఎన్నాళ్లు మాట్లాడలేదో నాకు తెలియదు. ఆ రోజుల్లో ఫిట్టర్ మాత్రం రోజూ వచ్చి వాకిట్లో కూర్చునేవాడని విన్నాను. వైనీ టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే కూర్చుని పోయేవాడు.

తర్వాత సంగతి త్వరగా చెబుతాను. ఆమె ఓడిపోయినా మున్సిపాలిటీకి పోవడం మానలేదు. గుడిసెల ఆడవాళ్లను వెంటబెట్టుకుని వరండాలో కూర్చునేది. కమిషనర్ ఒకసారి, "మీరు కౌన్సిలర్ కాదు గదమ్మా" అంటే, "గెలిస్తె సంతకం పెడుతుంటి. ఓడిన గదా, అందుకే కూసుంటున్న" అంది. ఒకనాడు పాత కౌన్సిలర్ లోపల మీటింగు నుంచి లేచి వచ్చి వరండాలో ఆమె పక్కన కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడని నేను అడిగితే, "ఒక్క ఓటు బరువు ఎక్కువున్నది తమ్మీ, కుర్చీల కూసోబుద్ధి అయితలే" అన్నాడు. గుడిసెలవాళ్లలో కొందరికి రోడ్డవతలి కాలనీలో జాగాలు వచ్చాయి. మిషనామె చెల్లెలికి వచ్చింది. కొందరికి రాలేదు, వాళ్లు ఏ ఊరికి పోయారో తెలియదు.

క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ఓపెన్ కాస్ట్ గుంత మొదట నల్లాను, తర్వాత క్లబ్బు హాలును మింగింది. మనుషులు లేని వార్డు కాగితాల మీద కూడా మిగలదు. పునర్విభజనలో మిగిలినవాళ్లను పక్క వార్డుల్లో కలిపారు. నన్ను ఆదిలాబాద్‌కు బదిలీ చేశారు. ఆ తర్వాత రిటైరయ్యాను.

యువ విలేకరి ఫోన్ తర్వాత మనసు ఆగలేదు. మొన్న పోలింగ్ రోజున కరీంనగర్‌లో నా ఓటు పొద్దున్నే వేసి ఆ ఊరి బస్సెక్కాను. పునరావాస కాలనీలో బడి పోలింగ్ కేంద్రం. బడి బయట బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, చేతికర్ర. బొగ్గు లేకపోతే ఇలా ఉంటాడా అనుకున్నాను. పంపు ఆపరేటరే.

నన్ను గుర్తుపట్టాడు. "బొమ్మేసిన పేపర్ సారు గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"ఓటేశారా?" అని అడిగాను.

"లేదు. ఫిట్టర్‌కు పక్షవాతం ఒచ్చింది సారు. ఒక దిక్కు కాలు చెయ్యి పడిపోయినయి. పోయిన ఎన్నికలప్పుడు గూడ రాలే."

"మీరు?"

"నేనూ ఎయ్యలే." ఆ రెండో సంగతి చెప్పాల్సిన అవసరమేముందన్నట్టు చూశాడు.

గని లేదు, పంపు లేదు, ఆ వార్డే లేదు. జోడీ మాత్రం ఉంది. మరి ఓటు వేయనప్పుడు ఇక్కడికి ఎందుకొచ్చారని అడుగుదామనుకుంటుండగా బడి ముందు ఆటో ఆగింది. ముందు మిషనామె దిగింది. జుట్టు నెరిసింది, కొంగు మాత్రం అప్పటిలాగే నడుముకు చెక్కి ఉంది. లోపలికి వంగి ఎవరినో పట్టుకుని లేపుతోంది.

"దిగు మరిదీ. జర నా భుజం పట్టు."

ఫిట్టర్ మాట కొంచెం తడబడుతోంది. "వైనీ, నా ఓటు నీ పార్టీకి పడదు. ఎర్కనే గదా?"

"ఎర్కనే."

"మల్ల నీకు నష్టమే గద?"

"నష్టమేంది, ఈడొకటి ఆడొకటి, లెక్క సమానం. దిగు. నువ్వు రాకుంటె గా మనిషి బెంచి మీదికెళ్లి లేవడు. నాకు చూసి చూసి పరేషాన్ అయితున్నది."

పంపు ఆపరేటర్ అప్పటికే లేచాడు. ఫిట్టర్‌కు ఒక పక్క ఆమె, ఇంకో పక్క అతను. బడి మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. పోలీసాయన అడ్డం వచ్చి, ఒక్కరే తోడు ఉండాలన్నాడు. మిషనామె చెయ్యి వదిలేసి ఇవతల నిలబడింది. ఇద్దరు మగవాళ్లూ లోపలికి పోయారు.

ఆమె నా వైపు తిరిగింది. "గుర్తు పట్టిన అన్నా. ఇప్పుడన్న రాస్తవా ఎందుకెయ్యలేదో?"

"రాస్త" అన్నాను. ఆమె యాసే నా నోటికీ వచ్చింది.

ఇద్దరూ బయటికి వచ్చాక ఫిట్టర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె భర్త ఎడమ చెయ్యి పట్టుకుని చూపుడు వేలు ఎత్తి చూసింది. గోరు పక్కన సిరా ఇంకా ఆరలేదు.

"గా పొద్దు చెయ్యంత నల్లగనే ఉండె" అంది. "గీ ఒక్క చుక్క తప్ప."